డాష్‌క్యామ్ ప్రాజెక్టు డైరీ: నంబరు చదవగలగాలి, ఫైలు తెరుచుకోవాలి

ఏం కావాలో తేల్చుకోవడం

కారుకు డాష్‌క్యామ్, అంటే నడిచేటప్పుడు దారిని రికార్డు చేసే కెమెరా, పెట్టించాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఈసారి ఏదో ఒకటి కొని అద్దానికి అంటించేయకుండా, పద్ధతిగా చేద్దామని ఈ డైరీ మొదలుపెట్టాను. మొదటి పేజీలో రెండే లైన్లు ఉన్నాయి. గొడవ జరిగిన రోజున ఎదుటి బండి నంబరు చదవగలగాలి. ఆ క్షణం రికార్డయిన ఫైలు తెరుచుకోవాలి. స్క్రీను సైజు, యాప్ అందం, మాటతో నడిచే కమాండ్లు, లేను దాటితే మోగే బీప్, ఇవన్నీ ఆ రెండింటి తర్వాతే.

ఇంత గట్టిగా రాసుకోవడానికి కారణం ఉంది. తెలిసినవాళ్ల కారును ఒక రాత్రి వ్యాను ఒరుసుకుని వెళ్లిపోయింది. వాళ్ల కారులో కెమెరా ఉంది, వీడియో కూడా ఉంది. వ్యాను రంగు, దాని వెనకాల వేసిన బొమ్మ అన్నీ కనిపిస్తున్నాయి. నంబరు ప్లేటు ఉండాల్సిన చోట మాత్రం తెల్లటి మచ్చ. ఆ వీడియోను నేను ఫ్రేము ఫ్రేముగా ముందుకీ వెనక్కీ తిప్పి చూశాను, ఒక్క అంకె కూడా దొరకలేదు. కెమెరా ఉందన్న ధైర్యంతో తిరిగిన మనిషికి అవసరమైన రోజున అది పనికి రాకపోతే ఎంత బాధో వాళ్ల ముఖంలో చూశాను.

పెట్టె మీది అంకెలు

పెట్టెల మీద అన్నిటికంటే పెద్దగా కనిపించే మాట 4కె. అడ్డంగా లెక్కేస్తే 1080పి అంటే 1920 పిక్సెళ్లు, 1440పి అంటే 2560, 4కె అంటే 3840. ఇది సగం లెక్కే. ఆ పిక్సెళ్లు ఎంత వెడల్పు దృశ్యం మీద పరుచుకున్నాయో చూస్తేనే లెక్క పూర్తవుతుంది.

లెన్సు కోణం 140 డిగ్రీలు అని రాస్తారు. అది చాలాసార్లు మూల నుంచి మూలకు కొలిచిన కోణం. అడ్డంగా చూస్తే సుమారు 120 డిగ్రీలు వస్తుంది. 1920 పిక్సెళ్లను 120 డిగ్రీలకు పంచితే డిగ్రీకి 16. అర మీటరు వెడల్పున్న నంబరు ప్లేటు 10 మీటర్ల దూరంలో దాదాపు 2.9 డిగ్రీలు ఆక్రమిస్తుంది. అంటే ప్లేటు మొత్తానికి 46 పిక్సెళ్లు. అందులో పది అక్షరాలు, అంకెలు ఇరుక్కుంటే ఒక్కోదానికి నాలుగైదు పిక్సెళ్లే మిగులుతాయి. అంత ఇరుకులో 8కీ 3కీ తేడా తెలిసేలా గీయడం ఏ కెమెరాకూ కుదరదు.

అదే లెక్కలో 1440పి అయితే 61 పిక్సెళ్లు, 4కె అయితే 92. ఇక్కడ నన్ను ఆపిన విషయం ఒకటుంది. 1080పి కెమెరానే 90 డిగ్రీల లెన్సుతో వాడితే ప్లేటుకు వచ్చేవీ 61 పిక్సెళ్లే. అంటే 120 డిగ్రీల 1440పి కెమెరాతో సమానం. లెన్సు అంచుల దగ్గర, మధ్యలో పిక్సెళ్లు ఒకేలా పరుచుకోవు కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ దారి చూపించడానికి చాలు. 170 డిగ్రీలని గొప్పగా రాసిన పెట్టెను చూస్తే ఇప్పుడు నాకు అనుమానమే వస్తుంది. పక్క ఫుట్‌పాత్ కూడా కనిపిస్తుంది, నిజమే. ముందున్న బండి నంబరు మాత్రం ఆ మేరకు చిన్నదైపోతుంది.

తర్వాత సెన్సర్, అంటే లెన్సు వెనక వెలుతురును బొమ్మగా మార్చే చిప్. డాష్‌క్యాముల్లో ఎక్కువగా వినిపించేవి సోనీ స్టార్విస్ సెన్సర్లు. ఐఎంఎక్స్‌307 రెండు మెగాపిక్సెళ్లది, ఐఎంఎక్స్‌335 ఐదు మెగాపిక్సెళ్లది, ఐఎంఎక్స్‌415, ఐఎంఎక్స్‌678 ఎనిమిదేసి మెగాపిక్సెళ్లవి. చివరి రెండూ నిజమైన 4కె ఇవ్వగలవు. కానీ 415లో ఒక్కో పిక్సెల్ 1.45 మైక్రాన్లు, స్టార్విస్ 2 తరానికి చెందిన 678లో 2 మైక్రాన్లు. వైశాల్యం లెక్కేస్తే దాదాపు రెట్టింపు. ఒక్కో పిక్సెల్ మీద పడే వెలుతురూ ఆ మేరకు పెరుగుతుంది. పెట్టె మీద రెంటికీ ఒకటే రాస్తారు, 4కె అని.

ఇంకో రకం కూడా ఉంది. లోపల రెండు మెగాపిక్సెళ్ల సెన్సర్ పెట్టి, వచ్చిన బొమ్మను సాగదీసి 3840 పిక్సెళ్ల ఫైలుగా రాసేవి. వివరాల పట్టికలో సెన్సర్ మోడల్ నంబరు లేకపోతే ఆ కెమెరాను నా జాబితాలోంచి తీసేశాను. నంబరు రాయడానికి ఇష్టపడని కంపెనీని నేను నమ్మలేను.

టేపు పెట్టి కొలిచిన సాయంత్రం

కాగితం మీద లెక్క సరే, కళ్లతో చూడాలి కదా. స్నేహితుల దగ్గర మూడు కెమెరాలు అడిగి తెచ్చాను. ఒకటి పాత 1080పి, ఒకటి 4కె అని రాసి ఉన్నా సెన్సర్ పేరు లేనిది, ఒకటి ఐఎంఎక్స్‌678తో వచ్చింది. ఖాళీ స్థలంలో ఒక కారును ఆపి, దాని ప్లేటు నుంచి కొలత టేపు పరిచి 5, 10, 15, 20 మీటర్ల దగ్గర సుద్దముక్కతో గీతలు గీశాం. మూడు కెమెరాలనూ నా కారు ముందు అద్దానికి పక్కపక్కనే తాత్కాలికంగా అంటించి, ఒక్కో గీత దగ్గర ఆగి అర నిమిషం చొప్పున రికార్డు చేశాను.

ఇంటికొచ్చి కంప్యూటర్లో ఫ్రేముల్ని పెద్దవి చేసి చూశాను. 5 మీటర్ల దగ్గర మూడింటిలోనూ నంబరు హాయిగా చదవొచ్చు. 10 మీటర్ల దగ్గర 1080పి చేతులెత్తేసింది. అక్షరాలున్నాయని తెలుస్తోంది గానీ ఏ అక్షరమో తెలియడం లేదు. అసలు సంగతి రెండో కెమెరాలో బయటపడింది. ఫైలు వివరాల్లో 3840 పిక్సెళ్లు అని ఉంది. ప్లేటు కూడా తెర మీద రెండింతలు పెద్దగా కనిపిస్తోంది. కానీ అక్షరాల అంచులు నీళ్లలో నానినట్టు మెత్తగా ఉన్నాయి. 1080పి ఫ్రేమును అంతే సైజుకు సాగదీసి పక్కన పెడితే ఏది ఏదో నాకే తేలలేదు. మూడో కెమెరాలో 15 మీటర్ల దాకా చదవగలిగాను, 20 దగ్గర అదీ మసకబారింది. 46 పిక్సెళ్ల దగ్గర చదవలేకపోతాం అన్న ముందటి లెక్కకు ఇది సరిగ్గా సరిపోయింది. 4కె కెమెరాకు 20 మీటర్ల దగ్గర ప్లేటు అంతే వస్తుంది మరి.

కొనబోయేవాళ్లు ఇదంతా చేయక్కర్లేదు. ఆ మోడల్‌తో తీసిన అసలు ఫైలు, అంటే కెమెరా కార్డులోంచి నేరుగా తీసినది, ఎక్కడైనా దొరికితే దింపుకుని ఒక ప్లేటును పెద్దది చేసి చూస్తే చాలు. వీడియో సైట్లలో పెట్టిన నమూనాలు మళ్లీ కుదించినవి, వాటిని బట్టి తీర్పు చెప్పడం ఏ కెమెరాకూ న్యాయం కాదు.

చీకటి పడ్డాక

ఇదే పరీక్ష రాత్రి కూడా చేశాం. ఆగి ఉన్న కారు ప్లేటు మూడో కెమెరాలో 10 మీటర్ల దాకా బాగానే వచ్చింది. కదిలే బండ్ల సంగతి వేరు.

చీకట్లో కెమెరా తగినంత వెలుతురు పట్టుకోవాలంటే షట్టర్‌ను ఎక్కువసేపు తెరవాలి. సెకనులో 30వ వంతు అనుకుందాం. మనం 40, ఎదుటి బండి 40 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే ఇద్దరి మధ్య వేగం 80, అంటే సెకనుకు 22 మీటర్లు. షట్టర్ తెరిచి ఉన్న ఆ కాస్త సమయంలోనే బండి 74 సెంటీమీటర్లు జరిగిపోతుంది. మన పక్కనుంచి దాటే క్షణంలో ఆ కదలికంతా ప్లేటును అడ్డంగా రుద్దేస్తుంది. పట్టపగలు షట్టర్ సెకనులో 1000వ వంతుకు వెళ్తే అదే బండి 2 సెంటీమీటర్లే జరుగుతుంది. 4కె అయినా, అంతకంటే పెద్దదైనా ఈ భౌతికశాస్త్రాన్ని దాటలేదు. తెలిసినవాళ్ల వీడియోలో ఆ తెల్లటి మచ్చకు సగం కారణం ఇదే.

మిగతా సగం మన హెడ్‌లైటే. నంబరు ప్లేట్లు వెలుతురును తిరిగి మన వైపే కొట్టేలా తయారవుతాయి. చుట్టూ చీకటి కాబట్టి కెమెరా మొత్తం దృశ్యాన్ని వెలిగించాలని చూస్తుంది, ప్లేటు తెల్లగా మాడిపోతుంది. ఎక్స్‌పోజర్ సెట్టింగును సున్నా నుంచి మైనస్ 0.3కి, తర్వాత మైనస్ 0.7కి దించి చూశాను. దృశ్యం చీకటిగా, చూడ్డానికి అంత బాగోలేకుండా తయారైంది. నంబరు మాత్రం తేలింది. నాకు కావలసింది అందమైన వీడియో కాదు కాబట్టి మైనస్ 0.3 దగ్గర ఉంచేశాను. వెలుగునూ చీకటినీ ఒకే బొమ్మలో పట్టే హెచ్‌డీఆర్ మోడ్ వేస్తే హెడ్‌లైట్ల మెరుపు బాగా అణిగింది. అయితే రెండు ఎక్స్‌పోజర్లను కలిపి ఒక ఫ్రేము తయారు చేస్తుంది కాబట్టి వేగంగా కదిలే వాటికి కొన్నిసార్లు నీడలాంటి రెండో అంచు వస్తోంది.

రాత్రిపూట ఏ కెమెరాకూ సాధ్యం కానిదాన్ని మనం నోటితో చేయొచ్చు. నంబరు కంటికి కనిపించిన వెంటనే గట్టిగా చదివేయడం. మైకు ఆన్‌లో ఉంటే మన గొంతు ఆ ఫైలులోనే, ఆ క్షణం పక్కనే ఉంటుంది. ఈ ఒక్క అలవాటు కోసమే నేను ఆడియోను ఆపలేదు. కారులో వేరేవాళ్లు ఎక్కినప్పుడు మాత్రం మాటలు రికార్డవుతాయని ముందే చెప్తున్నాను. వద్దంటే మైకు బటన్ నొక్కేస్తున్నాను.

ఎండ, బ్యాటరీ, ప్లగ్గు పీకే పరీక్ష

ఎండలో అద్దాలు బిగించి వదిలేసిన కారులో గాలి వేడి 50 డిగ్రీలు దాటడం మామూలే. ముందు అద్దానికి అంటుకుని ఎండను నేరుగా తాగే నల్లటి కెమెరా అంతకంటే వేడెక్కుతుంది. లిథియం బ్యాటరీలను 45 డిగ్రీల పైన ఛార్జ్ చేయకూడదని సాధారణంగా చెప్తారు. డాష్‌క్యామ్‌లో ఉన్న బ్యాటరీ పని అదే వేడిలో రోజూ ఛార్జ్ అవడం. అందుకే కొంతకాలానికి ఉబ్బుతుంది, కెమెరా ఒంటిని కూడా విప్పదీస్తుంది. బ్యాటరీ బదులు సూపర్ కెపాసిటర్, అంటే కాస్త కరెంటును దాచుకునే భాగం, ఉన్న మోడల్ తప్ప మరొకటి చూడకూడదని ఇక్కడే నిర్ణయించుకున్నాను.

సూపర్ కెపాసిటర్ కెమెరాను గంటలతరబడి నడపదు. కరెంటు పోయిన తర్వాత కొన్ని సెకన్లు నిలబెడుతుంది. ఆ కొన్ని సెకన్లే కీలకం. ఎంపీ4 ఫైలుకు ఒక సూచిక ఉంటుంది. ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే ఆ పట్టికను కెమెరా మామూలుగా రికార్డింగు ముగిశాక రాస్తుంది. గుద్దుకున్న దెబ్బకు కరెంటు తెగి ఆ పట్టిక రాయలేకపోతే వీడియో అంతా కార్డులో ఉన్నా ప్లేయర్ తెరవదు. అంటే మనకు అన్నిటికంటే అవసరమైన ఫైలే చెడిపోతుంది. టీఎస్ అనే మరో ఫైలు రూపంలో రాసే కెమెరాలకు ఈ చిక్కు తక్కువ, తెగిన చోటి దాకా ఆడతాయి.

కాబట్టి మూడు కెమెరాలకూ ఒకే పరీక్ష పెట్టాను. రికార్డవుతుండగా వైరు పీకేయడం, కార్డు తీసి చివరి ఫైలు తెరవడం. అలా మళ్లీ మళ్లీ చేశాను. 678 ఉన్న కెమెరా ప్రతిసారీ ఫైలును సరిగా మూసింది, వైరు లాగే నా చెయ్యి కూడా చివరి ఫ్రేముల్లో కనిపించింది. పాత కెమెరాలో బ్యాటరీ నీరసించిపోయి ఉంది. దాని చివరి ఫైలు కొన్నిసార్లు సున్నా సైజుతో మిగిలింది. దాని యజమానికి వెంటనే ఫోన్ చేసి చెప్పాను, ఆయన అప్పటిదాకా నిశ్చింతగా తిరుగుతున్నాడు.

ఇప్పటికే డాష్‌క్యామ్ ఉన్నవాళ్లు కూడా ఈ పరీక్ష చేసుకుంటే మంచిది. పావుగంట పని.

ఎంపిక

దీంతో ఎంపిక దానంతటదే తేలిపోయింది. ఐఎంఎక్స్‌678 సెన్సర్, అడ్డంగా 120 డిగ్రీలకు మించని లెన్సు, సూపర్ కెపాసిటర్, జీపీఎస్, వెనక అద్దానికి 1080పి రెండో కెమెరా. స్క్రీను చిన్నదే. లేను హెచ్చరికలు ఉన్నాయి, మొదటి రోజే ఆపేశాను. నడిపేటప్పుడు అనవసరమైన బీప్ కూడా ఒక ప్రమాదమే.

మెమరీ కార్డు

కెమెరా ఎంపికకు పెట్టినంత శ్రద్ధా దీనికీ పెట్టాలి. నా కెమెరా ముందు వైపు సెకనుకు 30 మెగాబిట్లు, వెనక 16 మెగాబిట్లు రాస్తుంది. రెండూ కలిపి 46, అంటే సెకనుకు 5.75 మెగాబైట్లు, గంటకు దాదాపు 20.7 గిగాబైట్లు. 128 జీబీ కార్డు ఆరు గంటలకు నిండి పాతవాటి మీద రాయడం మొదలుపెడుతుంది. 256 జీబీ అయితే పన్నెండు గంటలు.

రోజుకు రెండు గంటలు నడిపితే ఏడాదికి 15 టెరాబైట్లు రాసినట్టు. ఫోన్లో, కెమెరాలో వాడే మామూలు కార్డు ఇంత రాత కోసం తయారైంది కాదు. ఫ్లాష్ మెమరీలో ప్రతి గడినీ ఇన్నిసార్లే చెరిపి రాయగలం, ఆపైన అది అరిగిపోతుంది. 64 జీబీ కార్డును ఆ ఏడాదిలో 230 సార్లకు పైగా నింపినట్టవుతుంది, 256 జీబీ కార్డును అరవైసార్ల లోపే. పెద్ద కార్డు కొనడానికి నిల్వ ఒక్కటే కారణం కాదు, అరుగుదల కూడా. అందుకే హై ఎండ్యూరెన్స్ అని ప్రత్యేకంగా అమ్మే రకంలో 256 జీబీది తీసుకున్నాను. వేగం విషయంలో వి30 లేదా యూ3 గుర్తు ఉంటే చాలు, అది సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాస్తుందన్న హామీ. మనకు కావలసింది ఆరే.

నకిలీ కార్డులు చాలానే తిరుగుతున్నాయి కాబట్టి కెమెరాలో పెట్టే ముందు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో కార్డు మొత్తం నింపి తిరిగి చదివించాను. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకు అయిపోయింది, లోపం లేదని వచ్చింది. లినక్స్, మ్యాక్ వాడేవాళ్లకు ఇదే పనికి ఎఫ్3 ఉంది.

అద్దం మీద చోటు

రియర్ వ్యూ అద్దం వెనక, డ్రైవరు కళ్లకు అడ్డం రాని చోట, వైపర్ తుడిచే భాగంలో. ఈ మూడూ ఒకేచోట కలవాలి. వైపర్ అందని మూలలో పెడితే వాన రోజు రికార్డయ్యేది నీటి బొట్లే. మా కారులో అద్దం వెనకే వాన సెన్సర్, లేను కెమెరా ఉన్నాయి. వాటి ముందు ఏదీ రాకూడదు కాబట్టి కొంచెం పక్కకు జరిపాను. పైన చుక్కలు చుక్కలుగా ఉన్న నల్లటి పట్టీ మీద జిగురు సరిగా పట్టదు, దాని కిందుగా అంటించాలి.

అంటించే ముందు అద్దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచి, కాస్త ఎండనిచ్చి, ప్యాడ్‌ను గట్టిగా నొక్కి పట్టుకున్నాను. కెమెరా బరువు వేలాడదీయకుండా ఒక రోజు ఆగాను. ఈ రకం జిగురు పూర్తి బలం తెచ్చుకోవడానికి సమయం పడుతుంది, చల్లటి వాతావరణంలో ఇంకా ఎక్కువ.

డాష్‌బోర్డు ప్రతిబింబం అద్దంలో పడి ఆకాశం మీద బూడిద రంగు తెర కప్పినట్టు వస్తుంటే సీపీఎల్ అనే పోలరైజింగ్ ఫిల్టర్ పెట్టి, తిప్పుతూ సరిచేయొచ్చు. పగటిపూట తేడా అద్భుతంగా ఉంది. కానీ ఆ ఫిల్టర్ సగానికి పైగా వెలుతురు తినేస్తుంది. రాత్రి నంబర్లు నాకు ముఖ్యం, అందుకని తీసేశాను. డాష్‌బోర్డు మీద తెల్ల కాగితాలు, మెరిసే వస్తువులు ఉంచకుండా ఉంటే చాలావరకు పని జరుగుతోంది.

వైర్లు, ఫ్యూజు బాక్సు

ఈ పనికి మా బావ వచ్చాడు. వృత్తిరీత్యా ఆటో ఎలక్ట్రీషియన్ కాబట్టి చేతులు నావి, కళ్లు ఆయనవి.

ముందు అద్దం పై అంచున రూఫ్ లైనింగ్ కిందకు వైరును వేలితో నెట్టుకుంటూ వెళ్తే సరిపోతుంది. అసలు జాగ్రత్త పక్కనున్న ఏ-పిల్లర్ దగ్గర, అంటే ముందు అద్దానికీ తలుపుకూ మధ్యనున్న స్తంభం దగ్గర. చాలా కార్లలో అక్కడ ట్రిమ్ అనే ప్లాస్టిక్ తొడుగు వెనక కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మడిచి ఉంటుంది. వైరు దాని ముందు నుంచి వెళ్తే ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేటప్పుడు అడ్డం పడుతుంది, వైరు కొరడాలా విసురుకు రావొచ్చు. ట్రిమ్ విప్పి, ఎయిర్‌బ్యాగ్ వెనకగా, అప్పటికే కారు కంపెనీ వేసిన వైర్ల కట్టతో కలిపి ప్లాస్టిక్ టైలతో కట్టి కిందికి దించాం. ట్రిమ్ విప్పడం భయంగా ఉంటే ఈ ఒక్క భాగాన్ని తెలిసినవాళ్లకు అప్పగించడమే మేలు.

కెమెరాకు నేరుగా ఫ్యూజు బాక్సు నుంచి కరెంటు ఇచ్చే హార్డ్‌వైర్ కిట్‌లో మూడు వైర్లుంటాయి. నా కిట్‌లో ఎరుపు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజుకు, పసుపు ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజుకు, నలుపు బాడీకి తగిలే బోల్టుకు.

"పసుపుది లోపలి లైటు ఫ్యూజులో పెట్టేద్దామా బావా?" అన్నాను.

"మీటరు పెట్టి చూసి చెప్పు బావా, మూత మీద బొమ్మ చూసి కాదు. ఇప్పటి బండ్లలో లాక్ చేసిన కాసేపటికి కొన్ని లైన్లు వాటంతటవే నిద్రపోతాయి" అన్నాడు.

కారు లాక్ చేసి, చాలాసేపు ఆగి కొలిచాం. ఆయన చెప్పినట్టే ఒక లైను చచ్చిపోయింది, హజార్డ్ లైట్లది మాత్రం 12 వోల్టులకు పైనే నిలబడింది. దానికే కలిపాం. ఎయిర్‌బ్యాగ్, బ్రేకులు, ఇంజిన్ కంప్యూటర్‌కు చెందిన ఫ్యూజుల జోలికి అసలు వెళ్లకూడదు.

ఉన్న ఫ్యూజు గూట్లోంచే ఇంకో లైను తీసే ఫ్యూజు ట్యాప్‌ను పెట్టే దిశ కూడా చూసుకోవాలి. పాత ఫ్యూజు పీకేశాక ఆ గూట్లో రెండు వైపుల్లో ఒకదానికే కరెంటు ఉంటుంది. ట్యాప్‌లో రెండు ఫ్యూజులకూ కరెంటు పంచే కాలు ఆ వైపుకే దిగాలి. తిరగబడితే కెమెరా లాగే కరెంటు కూడా పాత ఫ్యూజు మీదుగానే పోతుంది, దాని మీద అదనపు భారం పడుతుంది. ట్యాప్ సైజు కూడా ముందే చూసుకోండి. మినీ, లో ప్రొఫైల్ మినీ, మైక్రో2 చూడ్డానికి దగ్గరగా ఉంటాయి, ఒకదాని గూట్లో ఇంకోటి సరిగా కూర్చోకపోవచ్చు.

వెనక కెమెరా వైరు రూఫ్ లైనింగ్ పక్కగా డిక్కీ దాకా వెళ్లింది. వెనక అద్దం మీద మంచు తీసే సన్నటి గీతలుంటాయి, జిగురు వాటి మీద పడకుండా రెండు గీతల మధ్య అంటించాం. లేకపోతే తీసే రోజున గీత కూడా ఊడొస్తుంది.

సెట్టింగులు

ఒక్కో ఫైలు నిమిషం చొప్పున పెట్టాను. ఫైలు చెడిపోయినా పోయేది ఒక నిమిషమే, ఎవరికైనా పంపడం కూడా తేలిక.

కుదుపు సెన్సర్‌ను అన్నిటికంటే తక్కువ సున్నితత్వానికి దించాను. మధ్యస్థంగా ఉంచితే ప్రతి గుంతకూ, ప్రతి స్పీడ్‌బ్రేకర్‌కూ ఫైలు లాక్ అవుతోంది. లాక్ అయినవాటి మీద కెమెరా తిరిగి రాయదు. అవి పేరుకుపోతే కొన్ని కెమెరాలు కార్డు నిండిందని రికార్డింగే ఆపేస్తాయి. డాష్‌క్యామ్ ఉండి కూడా వీడియో లేదనే వాళ్లలో చాలామంది కథ ఇదే అయ్యుంటుందని నా నమ్మకం.

50 హెర్ట్జా, 60 హెర్ట్జా అనే సెట్టింగును మీ ఇంటి కరెంటుకు తగ్గట్టు పెట్టాలి. ఎల్ఈడీ సిగ్నల్ లైట్లు కంటికి తెలియకుండా వెలిగి ఆరుతుంటాయి, 60 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు 120 సార్లు. కెమెరా సరిగ్గా 30 ఫ్రేములు తీస్తుంటే ప్రతి ఫ్రేమూ లైటు ఆరిన క్షణంలోనే పడి, వీడియోలో సిగ్నల్ కొన్ని సెకన్లపాటు వెలగనట్టే కనిపించవచ్చు. జపాన్‌లో కొన్ని కెమెరాలు 27.5 ఫ్రేములు తీసేది ఈ చిక్కు తప్పించడానికే. గ్రీన్ పడ్డాకే వెళ్లానని చూపించాలంటే గ్రీన్ వీడియోలో కనిపించాలి కదా.

గడియారాన్ని జీపీఎస్‌కు కట్టేశాను. టైం జోన్ మనమే సరిచేయాలి. తప్పు సమయం ముద్రపడిన వీడియో మీద ఎదుటివాళ్లకు మొదటి అభ్యంతరం అక్కడే దొరుకుతుంది. మామూలు కార్లలోని కెమెరాలు ఎంత విలువైన సాక్ష్యమవుతాయో 2013 ఫిబ్రవరి 15న రష్యాలో చెల్యాబిన్స్క్ మీదుగా ఉల్క పడినప్పుడు తెలిసింది. శాస్త్రవేత్తలు దాని దారిని లెక్కగట్టింది ఆ వీడియోల ఆధారంగానే.

వేగం ముద్రను కూడా ఉంచాను. అది నాకు వ్యతిరేకంగానూ పలకొచ్చు, తెలుసు. సాక్ష్యం కోసమే కెమెరా పెట్టినప్పుడు నిజంలో సగం కత్తిరించడం నాకు ఒప్పుగా అనిపించలేదు. చట్టం మాత్రం దేశాన్ని బట్టి మారుతుంది, పెట్టే ముందు చూసుకోవాలి. జర్మనీలో అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2018 మేలో, ఆపకుండా రికార్డు చేయడం వ్యక్తిగత సమాచార చట్టానికి విరుద్ధమంటూనే, ఆ వీడియోను ప్రమాదం కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని చెప్పింది. అక్కడ కూడా పాతవాటిని వెంట వెంటనే చెరిపేసే చిన్న లూప్ ఉండటం మంచిదే.

పార్కింగ్ మోడ్

కారు ఆగి ఉన్నప్పుడు మా కెమెరా లాగేది దాదాపు 0.3 ఆంపియర్లు. రాత్రి 12 గంటలకు 3.6 ఆంపియర్ గంటలు. 45 ఆంపియర్ గంటల బ్యాటరీలో ఇది ఎనిమిది శాతం. రోజూ దూరం తిరిగే కారుకు లెక్కలోది కాదు. వారమంతా కదలని కారుకు, లేదా రోజూ దగ్గర్లోని పనులకే తిరిగి పూర్తిగా ఛార్జ్ కాని బ్యాటరీకి ఇది పెద్ద టెన్షనే.

అందుకే కిట్‌లో వోల్టేజి తగ్గితే కెమెరాను ఆపేసే స్విచ్ ఉంటుంది. పూర్తిగా నిండిన లెడ్ యాసిడ్ బ్యాటరీ ఏ పనీ చేయకుండా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది, సగానికి దిగితే సుమారు 12.2. కిట్ 11.8 దగ్గర సెట్ అయి వచ్చింది. అది నాకు నచ్చలేదు, ఆ వోల్టేజికి దిగిన బ్యాటరీతో పొద్దున ఇంజిన్ స్టార్ట్ అవుతుందన్న భరోసా లేదు. 12.2కి మార్చాను. పగలు ఎండలో పార్కింగ్ మోడ్ ఆపేస్తున్నాను. బయటి వేడికి కెమెరా తన వేడిని కూడా జోడించుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇప్పటికి ఎక్కడున్నాం

అమర్చాక ఒక మామూలు ప్రయాణంలోని ఫైళ్లన్నీ కూర్చుని చూశాను. పగటి వీడియోలో ముందు వెళ్లే బండ్ల నంబర్లు 15 మీటర్ల దాకా వస్తున్నాయి. రాత్రి సిగ్నల్ దగ్గర ఆగినవన్నీ చదవగలుగుతున్నాను, వేగంగా ఎదురొచ్చేవి రావడం లేదు. ఎఫ్ఎం రేడియోలో కొత్తగా గరగర మొదలైంది. అది కిట్‌లోని వోల్టేజి మార్చే భాగం నుంచి వస్తోంది. వైరుకు ఫెరైట్ రింగు, అంటే ఇలాంటి గరగరను అణిచే చిన్న అయస్కాంత పదార్థపు ఉంగరం, తొడిగితే బాగా తగ్గింది, ఇంకా కొంచెం ఉంది. ఇంకో రింగు తెప్పించాను.

నెలకోసారి కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయాలని, అదే రోజున లెన్సు ముందున్న అద్దాన్ని లోపలి నుంచి తుడవాలని, ప్లగ్గు పీకి చివరి ఫైలు తెరిచి చూడాలని ఫోన్లో గుర్తు పెట్టుకున్నాను. వెనక అద్దానికున్న నల్ల ఫిల్మ్ వల్ల రెండో కెమెరా రాత్రిపూట బాగా వెనకబడింది. వచ్చే వారం ఆ కెమెరా లెన్సు ముందున్న కాస్త భాగంలో ఫిల్మ్ తీయించి, మళ్లీ టేపు పరిచి కొలవాలి.